మైకు పట్టుకునే ముందు: పరిచర్యకు వచ్చే పిల్లలకు నేను చెప్పేవి

దేవరకొండ దగ్గర మా ఊరి క్రైస్తవ సంఘంలో ఇరవై రెండేళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను. ఏటా ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు (వీబీఎస్) అయిపోగానే ఇద్దరు ముగ్గురు యౌవనస్థులు వస్తారు, "అక్కా, మేం కూడా పరిచర్య చేస్తాం" అని. ఏం చేస్తారని అడిగితే పాట పాడతాం, కీబోర్డు వాయిస్తాం, వాక్యం చెబుతాం అంటారు. నాకు సంతోషమే. కానీ వెంటనే మైకు ఇవ్వను. ముందు చాపలు ఇస్తాను.

మూడు నెలల పాటు శనివారం సాయంత్రం వచ్చి మందిరం ఊడ్చాలి, చాపలు దులిపి పరవాలి, కుండ కడిగి నీళ్లు నింపాలి. ఈ పనికి ప్రకటనల్లో పేరు చదవరు. ఆ మూడు నెలలూ మీ మనసు మీద ఒక కన్ను వేసి ఉంచండి. "నేనొక్కదాన్నే చేస్తున్నా, మిగతావాళ్లు రాలేదు" అని లోపల గొణుగుడు మొదలైందా? పాస్టరుగారి బండి చప్పుడు వినగానే ఊడ్చే జోరు పెరిగిందా? అలా అయితే సిగ్గుపడి మానేయకండి. చీపురు పక్కన పెట్టి అక్కడే మోకరించి, ఉన్నది ఉన్నట్టు దేవునికి చెప్పేసి, మళ్లీ ఊడవండి. నాకు ఈ గొణుగుడు పోవడానికి మూడు నెలలు కాదు, చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం తెరిచి, 2 నుంచి 7 వచనాలు పెన్సిల్ పట్టుకుని చదవండి. సంఘానికి అధ్యక్షుడయ్యేవాడు ఎలా ఉండాలో పౌలు అక్కడ వరుసగా చెబుతాడు. కోపంతో చెయ్యి చేసుకోకూడదు, జగడాలాడకూడదు, డబ్బు మీద ఆశ ఉండకూడదు, ఇంటికొచ్చినవాళ్లకు అన్నం పెట్టాలి, ఇంటివాళ్లను చక్కగా చూసుకోవాలి. నేర్చుకున్న విద్య అనదగ్గది అందులో ఒక్కటే, బోధించగలగడం. మిగతావి దాదాపు అన్నీ మనిషి గుణం గురించే. చివరికి సంఘం బయటివాళ్ల దగ్గర కూడా మంచి సాక్ష్యం, అంటే మంచి పేరు, ఉండాలంటాడు.

అందుకని ముగ్గుర్ని అడిగి రమ్మంటాను: ఇంట్లో ఒకరిని, మీ ఖాతా ఉన్న కిరాణా కొట్టాయనను, మీ చేను పక్క రైతును. "నా నోరు, నా కోపం, నా డబ్బు లెక్క ఎట్లా ఉంటాయో చెప్పు" అని అడగండి. వాళ్లు చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డం పడకండి. పోయినేడు ఒక అబ్బాయి కొట్టాయన దగ్గరికి వెళ్తే, ఆయన ఖాతా పుస్తకం తీసి నాలుగు నెలల బాకీ చూపించాడట. ముందు అది తీర్చాడు. ఇప్పుడు బాగా పాడుతున్నాడు.

ఇక అన్నిటికంటే కష్టమైనది సమాధానపడడం, అంటే గొడవపడ్డవాళ్లతో మళ్లీ కలవడం. దీని గురించి నా సంగతే చెబుతాను.

మా యారాలికీ నాకూ బోరు నీళ్ల వంతు దగ్గర మాట పెరిగింది. ఒకే బోరు, రెండిళ్ల మడులు. ఎనిమిది నెలలు మాటల్లేవు. ఆ ఎనిమిది నెలలూ నేను సండే స్కూలు మానలేదు, ప్రార్థనలు చేయించాను. ఒక ఆదివారం మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు కంఠతా పెట్టించాను. కానుక ఇవ్వబోతుంటే నీ సహోదరునికి నీ మీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమనే మాట. రంగు పెన్సిల్ చేతిలో పట్టుకునే ఒక పిల్ల లేచింది, మా యారాలి మనవరాలు. "చిన్న నాయనమ్మా, మరి మా నాయనమ్మతో నువ్వెందుకు మాట్లాడవు?" అంది. పిల్లలంతా నా ముఖం వైపే చూస్తున్నారు. ఒక పాట పాడించి పంపించేశాను.

సాయంత్రం వెళ్లాను. యారాలు వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. నేనూ కింద కూర్చుని తీయడం మొదలుపెట్టాను. గంప సగం అయ్యేదాకా ఇద్దరికీ మాట రాలేదు. "అక్కా, ఆ రోజు నీ వంతులో మోటరు వేసింది నేనే" అన్నాను. "నాకు తెలుసు" అంది. అంతే. నా వంతులు రెండు ఆమె మడికి వదిలాను. ఇంకో రెండుసార్లు వెళ్లాక గాని మాట కలవలేదు.

కాబట్టి మీరు వెళ్లేటప్పుడు మధ్యవర్తిని పంపకండి, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి. "తప్పు నాదే, కానీ" అని మొదలుపెట్టకండి, ఆ "కానీ" వెనకాల మళ్లీ గొడవే వస్తుంది. ఎదుటివాళ్లకు జరిగిన నష్టం పూడ్చండి. వాళ్లు వెంటనే ఒప్పుకోకపోతే ఒత్తిడి చేయకండి. మీరు అసలు వెళ్లనే లేదంటే మాత్రం, వెళ్లేదాకా బోధించడం ఆపి కింద చాప మీద కూర్చోవాలని నా అభిప్రాయం. మా సంఘంలోనే అందరూ దీనికి ఒప్పుకోరు. నేను చాప మీద కూర్చోవాల్సిన ఎనిమిది నెలలు నిలబడి పాఠం చెప్పాను కనుక ఇంత గట్టిగా అంటున్నాను.

కానుకల లెక్క ఇద్దరు కలిసి చూడాలి, ఆ రోజే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. "రేపు పెట్టేద్దాం" అని అందులోంచి పది రూపాయలు కూడా వాడకండి.

ఎవరైనా ఏడుస్తూ చెప్పుకున్న కష్టం మీ దగ్గరే ఆగిపోవాలి. ప్రార్థన అంశం పేరుతో స్త్రీల కూడికలో ఇంటి గుట్టు బయటపడితే, ఆమె మళ్లీ మందిరం గడప తొక్కదు. ఆమె అనుమతిస్తేనే చెప్పండి. లేదంటే "ఒక సహోదరి కోసం" అనండి, దేవునికి పేరు తెలుసు.

1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో సువార్త పని మొదలుపెట్టారు. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, మా దేవరకొండల్లోనూ మిషన్ పని నడిచింది. ఆ మిషనరీ దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పల్లెపల్లెకూ నడిచి వాడల్లో వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. మా అమ్మమ్మ ఒకామె గురించి చెప్పేది. ఆమె ఏం బోధించిందో అమ్మమ్మకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఊళ్లో ఎవరూ మా వాడలో మంచినీళ్లు కూడా ముట్టని రోజుల్లో ఆమె వచ్చి, మా కుండలో గటక మా గిన్నెలోనే తిని, గిన్నె తానే కడిగి బోర్లించి పోయిందట. ఆ గిన్నె సంగతి అమ్మమ్మ చనిపోయేదాకా చెప్పింది.

ఇంకొకటి, కూటం బాగా జరిగిన రాత్రి గురించి. పాట బాగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు, ఎవరో వీడియో తీసి స్టేటస్ పెట్టారు. ఎంతమంది చూశారో అని ఫోను తీయబుద్ధి అవుతుంది. ఆ రాత్రి దాన్ని చార్జింగ్‌కు పెట్టి అవతలి గదిలో వదిలేయండి. ఇంట్లో అంట్లుంటే తోమండి. ఆ రోజు కూటానికి రానివాళ్ల పేర్లు తలుచుకుని ప్రార్థన చేసి పడుకోండి, సోమవారం పని నుంచి వచ్చాక వాళ్లింటికి వెళ్లి పలకరించి రండి.