ఫిల్మ్ నుంచి ఫిక్స్‌డ్ లెన్స్ డిజిటల్‌కి మారుతున్నారా? వీధి ఫోటోలు తీసేవాళ్లకి కొన్ని మాటలు

పన్నెండేళ్లు పెంటాక్స్ కె1000తోనే తీశాను. ఒకటే 50 ఎంఎం లెన్స్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో వెడల్పు పెరుగుతుంది), ఎక్కువగా 400 స్పీడు బ్లాక్ అండ్ వైట్ రోల్. మానేయడానికి గొప్ప కారణమేం లేదు, డబ్బులే. రోల్ కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి దాటిపోతోంది. చేతికొచ్చేవి 36 ఫ్రేములు, అందులో నలుగురికి చూపించగలిగేవి రెండో మూడో. అలాగని లెన్సులు మార్చుకునే పెద్ద డిజిటల్ కెమెరా కొంటే సంచి బరువు, ఏ లెన్స్ తగిలించాలా అన్న గోల. ఒకే లెన్స్‌కి అలవాటుపడ్డ కంటికి ఊడని లెన్స్ కెమెరాయే సుఖం. కాకపోతే అందులోనూ మెనూలు బోలెడు. అందుకే నేను చెప్పేది ఒక్కటే, తేల్చుకోవాల్సినవన్నీ ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి, ఫిల్మ్ లోడ్ చేసినప్పుడు చేసేవాళ్లం చూడండి, అలాగ.

ముందు కెమెరా సంగతి. పాత స్కాన్లు తీసి చూస్తే మీ కన్ను ఏ లెన్స్‌దో తెలిసిపోతుంది. 35తో తీసేవాళ్లకి ఫూజీ ఎక్స్100 వరుస, 28 ఇష్టమైతే రికో జీఆర్ 3, 50కి అలవాటుపడి మరీ వెడల్పు వద్దనుకుంటే జీఆర్ 3ఎక్స్, అది ఫిల్మ్ లెక్కలో 40 ఎంఎం. నేను ఈ సలహా ఎవరినీ అడక్కుండా జీఆర్ 3 కొన్నాను. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది, ఆ మోజు. మొదటి నెలంతా నా ఫోటోల్లో మనుషులు చీమల్లా వచ్చారు. 50తో ఆరడుగుల దూరంలో నిలబడితే ఎంత మనిషి వస్తాడో, 28తో అంతే మనిషి రావాలంటే మూడున్నర అడుగుల దాకా వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లడానికి కెమెరాతో పాటు మనమూ మారాలి మరి.

వ్యూఫైండర్ లేకుండా ఉండలేనంటే ఎక్స్100 వైపే వెళ్లండి, అందులో అద్దంలోంచి చూస్తుంటే ఫ్రేము బయట నుంచి నడిచొస్తున్న మనిషి కూడా కనపడతాడు. జీఆర్‌లో స్క్రీన్ ఒక్కటే. ఏప్రిల్ ఎండలో చార్మినార్ దగ్గర నిలబడి చూడండి, మీ మొహం తప్ప ఏమీ కనిపించదు. దానికీ ఒక లాభముంది, కెమెరా మొహానికి అడ్డం లేకపోతే జనం మనల్ని పెద్దగా పట్టించుకోరు.

ఇప్పుడు ఫోకస్, అసలు కష్టమంతా ఇక్కడే. మాన్యువల్ లెన్స్‌ని ఎఫ్/8లో, అంటే అపర్చర్ అనే వెలుగు దూరే రంధ్రాన్ని చిన్నది చేసి పెట్టి, దూరం అంచనా వేసి తీసేవాళ్లు ఆటోఫోకస్ చేతిలో పడగానే ఆ విద్య మర్చిపోతారు, నేనూ మర్చిపోయాను. మర్చిపోవద్దు. జీఆర్‌లో స్నాప్ ఫోకస్ అని ఉంటుంది. దూరం ముందే పెట్టుకుంటాం, బటన్ సగం నొక్కితే ఆటోఫోకస్, ఆగకుండా ఒక్కసారే పూర్తిగా నొక్కితే వెతుకులాట లేకుండా పెట్టిన దూరానికే ఫోటో పడుతుంది. రెండు మీటర్లు పెట్టి ఎఫ్/8లో ఉంచితే మీటరు దగ్గర్నుంచి దాదాపు వీధి చివరి దాకా స్పష్టంగా వస్తుంది. ఫిల్మ్ బదులు వెలుగు పట్టే సెన్సర్ చిన్నది, 28 అన్నది ఫిల్మ్ లెక్క, లెన్స్ నిజమైన ఫోకల్ లెంగ్త్ 18.3 ఎంఎం మాత్రమే కాబట్టి ఇంత లోతు. అదే ఫిల్మ్ 50తో ఎఫ్/8లో రెండు మీటర్లకి పెడితే దొరికేది ముప్పాతిక మీటరు పైచిలుకు, అంతే.

అలాగని అదే ధీమాతో రంధ్రం పెద్దదయ్యే ఎఫ్/2.8కి వెళ్తే నాకైనట్టే అవుతుంది. లాడ్ బజార్లో లక్క గాజులు చేసే ఒక పెద్దాయన ఎదురుగా గొంతుక్కూచున్నాను. కుంపటి మీద మెత్తబడిన లక్క ఆరకముందే పుల్లతో ఒక్కో రాయినీ తీసి అద్దుతున్నాడు, మాడిన వేళ్లు, గోళ్ల కింద మెరుపు పొడి. సందులో వెలుతురు తక్కువని అపర్చర్ తెరిచాను, స్నాప్ మాత్రం రెండు మీటర్ల మీదే ఉండిపోయింది. నేనున్నది మీటరు లోపు. ఎఫ్/2.8లో పదునుగా వచ్చేది ఒకటిన్నర నుంచి మూడు మీటర్ల మధ్యే. "దిఖావో బేటా" అన్నాడాయన. ఫిల్మ్ రోజుల్లోనైతే ప్రింటు తెచ్చిస్తానని చెప్పి తప్పించుకునేవాణ్ని. చూపించాను. వేళ్లు పొగలా ఉన్నాయి, వెనక గోడ మీద తారీఖులు ఒక్కొక్కటీ చదవొచ్చు. "క్యాలెండర్ అచ్ఛా ఆయా" అని మళ్లీ పనిలో పడ్డాడు.

కాబట్టి వెలుతురు తగ్గితే అపర్చర్ జోలికి పోకుండా ఐఎస్ఓ పెంచండి, ఫిల్మ్ స్పీడు లాంటిదే అది. ఆటో ఐఎస్ఓ పై హద్దు 6400, షట్టర్ కనీసం 1/250 సెకను, అపర్చర్ 5.6 లేదా 8. గ్రెయిన్ వస్తుందని బెంగెందుకు, 400 రోల్‌ని 1600 అనుకుని తీసి, ఎక్కువసేపు కడిగించి (పుష్ అంటారు దీన్ని) మురిసిపోయినవాళ్లమే కదా.

ఎక్స్‌పోజర్ దగ్గర అలవాటు తిరగేయాలి. నెగటివ్‌కి కాస్త ఎక్కువ వెలుగిచ్చినా ఓర్చుకుంటుంది, నీడలో ఆకలి పెడితే చచ్చిపోతుంది. డిజిటల్ దీనికి ఉల్టా. తెల్ల షర్టు మీద ఎండ పడి ఒకసారి తెల్లబారిందంటే రా ఫైల్ (కెమెరా మార్పులేవీ చేయకుండా దాచే ముడి ఫైల్) నుంచి కూడా తిరిగి రాదు. స్లైడ్ ఫిల్మ్ వాడినవాళ్లకి ఈ భయం కొత్త కాదు. నేను మిట్టమధ్యాహ్నం ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 2/3లో, అంటే కెమెరా అనుకున్నదానికన్నా కాస్త తక్కువ వెలుగు పడేలా పెట్టి వదిలేస్తాను, నీడల్ని ఇంటికొచ్చి లేపుకోవచ్చు.

తీసిన వెంటనే ఫోటో స్క్రీన్ మీద కనిపించే సెట్టింగ్ ఒకటుంటుంది, దాన్ని మొదటి రోజే ఆపేయండి. తల వంచుకుని మీరు చూసుకుంటుంటే ఎదురుగా జరగాల్సింది జరిగిపోతుంది. వీధిలో ఉండగా ఏదీ డిలీట్ చేయొద్దు. నేను కార్డు ఖాళీ చేసి వారం దాకా తెరవను. ల్యాబ్ నుంచి స్కాన్లు రావడానికి పట్టే టైమే అది, ఈలోగా తీసినప్పటి మోజు దిగిపోయి మంచిదేదో చెడ్డదేదో కాస్త తెలుస్తుంది. బ్లాక్ అండ్ వైటా కలరా అన్నది కూడా ఇంటి దగ్గరే తేల్చుకోండి. కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ జేపెగ్ పెట్టి, పక్కన రా కూడా ఉంచుకుంటే సరి.

బ్యాటరీలు కనీసం రెండు, జీఆర్ 3లో ఒక్కదానికి కంపెనీ చెప్పేదే దాదాపు 200 ఫోటోలు. జేబులో నాణేలు, దూదిపోగులు లేకుండా చూసుకోండి. లెన్స్ బయటికి, లోపలికి కదిలే కెమెరా కాబట్టి దుమ్ము దూరితే సెన్సర్ దాకా పోవచ్చు, లెన్స్ ఊడదు కాబట్టి మనం తుడవలేం.

పాత కెమెరాని అమ్మేయకపోయినా, సగం రోల్‌తో బీరువాలో పడేయకండి. రోల్ పూర్తిచేసి, కడిగించి, అడుగున ఉండే ఎల్ఆర్44 సెల్ తీసేసి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి, లేకపోతే ఒక్క వానాకాలంలో లెన్స్‌కి ఫంగస్ పడుతుంది. కె1000కి వెలుతురు కొలిచే మీటర్‌ని ఆపే స్విచ్ ఉండదు, లెన్స్ క్యాప్ పెడితేనే ఆగుతుంది. నా క్యాప్ ఎప్పుడో సుల్తాన్ బజార్లో పోయింది, నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టిన పాల డబ్బా మూత పెట్టాను. సరిగ్గా సరిపోయింది.