స్టైలస్‌తో తెలుగు రాత – 4వ పాఠం: తలకట్టు ఎప్పుడు పెట్టాలి?

పోయిన పాఠంలో "నెమ్మదిగా రాయండి" అన్న మాట చాలామందిని తిప్పలు పెట్టింది. చెప్పినట్టే నిదానంగా రాస్తే చిత్తూరు కాస్తా చితూరు అయింది. కొందరికి రు విడిపోయి వేరే పదంగా పడింది. లోపం మీ చేతిలో లేదు, ఆ సలహా సగమే చెప్పడంలో ఉంది. ఈసారి అంకెలు నేర్చుకోవాలి కానీ, అవి ఆగుతాయి. ముందు ఇది సరిచేసుకుందాం.

స్టైలస్ మొన ఫోను అద్దాన్ని తాకింది మొదలు పైకి లేచేదాకా నడిచిన దారిని ఫోను చుక్కలుగా పట్టుకుంటుంది. ఏ చుక్క ఎప్పుడు పడిందో సమయం కూడా గుర్తుపెట్టుకుంటుంది. మొన గాలిలోనే కాసేపు నిలిచిపోతే పదం అయిపోయిందనుకుని అప్పటిదాకా రాసింది అచ్చులోకి మార్చేస్తుంది. చిత్తూరులో త రాసి, ఒత్తు ఎక్కడ పెట్టాలా అని ఆగారు. ఆ లోపే చిత బయటికొచ్చేసింది. తర్వాత పెట్టిన ఒత్తుకు పైన అక్షరమే లేదు.

కాబట్టి నెమ్మది గీతలో ఉండాలి, గాలిలో కాదు. త చుట్టడానికి ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు, మొన ఎత్తాక మాత్రం తర్వాతి గీత వెంటనే మొదలవ్వాలి. పదం వర్ణక్రమం మనసులో పూర్తయ్యాకే మొన ఆనించండి. శ్రీకాళహస్తిలో వచ్చేది ల-నా ళ-నా అన్న సందేహం మధ్యలో తీర్చుకునేది కాదు. మీ కీబోర్డులో చేతిరాత ఆగే సమయాన్ని పెంచే సెట్టింగు ఉంటే ఒక మెట్టు పెంచుకోండి. బాగా పెంచితే ప్రతి పదం తర్వాతా ఎదురుచూడాల్సి వస్తుంది, అప్పుడు చెయ్యి తొందరపడి మళ్ళీ గీతలు పాడవుతాయి.

ఇక అసలు జబ్బు తలకట్టు. పలక మీద అలవాటైన చేతులు పదం మొత్తం ఒళ్ళు (తలకట్టు లేని అక్షరాలు) రాసేసి, చివర్లో వెనక్కొచ్చి టిక్కు టిక్కుమని తలకట్లన్నీ వరసగా పెడతాయి. కాగితం మీద ఎవరికీ నష్టం లేదు, చూసేవాళ్ళకు బొమ్మే కావాలి. ఫోనుకు బొమ్మతో పాటు వరస కూడా కావాలి. చివర్లో వచ్చిన తలకట్టు ఏ అక్షరానిదో అది ఊహించుకోవాలి. ఈలోపు ముందరి అక్షరాలు అచ్చయిపోతే ఆ తలకట్టు ఒంటరిగా మిగిలిపోతుంది. ఇంగ్లీషు కూడా ఆన్‌లో ఉంటే, తలకట్టు చూడ్డానికి ఇంగ్లీషు వి (V) లాగే ఉంటుంది కనుక ఆ అక్షరమే పడినా ఆశ్చర్యం లేదు. అందుకే తెలుగు రాసేటప్పుడు తెలుగు చేతిరాత ఒక్కటే ఉంచుకోమని మొదటి పాఠంలో చెప్పాం.

దీనికి తోడు ఇంకో తప్పు: తలకట్టు పెట్టి దాని మీదే గుడి పెట్టడం. గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఒత్వం, దీర్ఘం వస్తే తలకట్టు ఉండదు, ఆ గుర్తే దాని చోట కూర్చుంటుంది. కొమ్ము వస్తే మాత్రం తలకట్టు అలాగే ఉంటుంది. అద్దం మీద తలకట్టూ గుడీ రెండూ పడితే ఒక గీత మిగులు. ఆ మిగులు గీతకు చోటు వెతుకుతూ ఫోను పక్క అక్షరాన్ని కూడా పాడుచేస్తుంది.

తిరుపతి తీసుకోండి. రెండు తి-లకూ గుడి ఉంది, తలకట్టు లేదు. తలకట్టు ఉన్నవి రు, ప మాత్రమే. అలిపిరిలో అసలు ఒక్కటీ లేదు: అ అచ్చు, ల-కు తలకట్టు పుట్టుకతోనే లేదు, పి, రి గుడితో పోయాయి. కాణిపాకంలో ఒక్కటే, క మీద. కా, పా దీర్ఘంతో పోయాయి, ణ-కు మొదటినుంచీ లేదు. శ్రీకాళహస్తిలో ళ, హ. పలమనేరులో ప, మ, రు. మదనపల్లెలో వరసగా నాలుగు: మ, ద, న, ప. చేతిని పరీక్షించడానికి మదనపల్లెను మించిన పదం ఈ చుట్టుపక్కల లేదు. నాలుగు ఒళ్ళు రాసి నాలుగు తలకట్లు పెడతారో, ఒక్కో అక్షరాన్నీ పూర్తిచేసి కదులుతారో అక్కడే తేలిపోతుంది. రెండోదే చెయ్యాలి. ఒళ్ళు, తలకట్టు, కొమ్ము, ఒత్తు, అప్పుడు పక్క అక్షరం. కొమ్ము ముందా ఒత్తు ముందా అన్నది మీ ఇష్టం, పక్కకు జరిగేలోపు రెండూ అయిపోతే చాలు.

ప, స, ష, హ, ఘ, ఫ మీద తలకట్టు అంటకూడదు, సన్నని సందు కనిపించాలి. ప-కు అంటిస్తే అది వ వైపు జారుతుంది. పుత్తూరు వుత్తూరుగా వచ్చిందంటే కారణం ఇదే.

1996లో వచ్చిన పైలట్ అనే పామ్ చేతి కంప్యూటర్‌లో గ్రాఫిటీ అనే రాత ఉండేది. దాదాపు ప్రతి అక్షరమూ ఒకే గీతలో పూర్తవ్వాలి, అందుకే ఇంగ్లీషు ఏ-కి అడ్డగీత ఉండేది కాదు. అప్పట్లో మనిషే యంత్రం రాత నేర్చుకోవాలి. ఇప్పుడు అంత అవసరం లేదు, ఎన్ని గీతలైనా వేయొచ్చు. వరస ఒక్కటి పాటిస్తే చాలు.

రాత పల్లానికి జారకుండా చూసుకోండి. పలమనేరులో ల కాస్త కిందికి దిగితే ఫోను దాన్ని ప కింద ఒత్తనుకుని ప్లమనేరు అని చూపించొచ్చు. ఫోనును కొద్దిగా ఎడమవైపు తిప్పి పట్టుకుంటే కుడిచేతి వాళ్ళకు గీత నిటారుగా వస్తుంది.

రబ్బరు మొన స్టైలస్ వాడేవాళ్ళు అరచెయ్యి అద్దానికి ఆనించకండి. ఆ స్టైలస్‌కూ వేలికీ తేడా అద్దానికి తెలియదు, అరచెయ్యి తగిలినా గీతే. ఏప్రిల్, మేలలో చెమట చేత్తో రాస్తే ఇంకా కష్టం. చేతికింద మడత పెట్టిన పొడి గుడ్డ పెట్టుకోండి. సామ్‌సంగ్ ఎస్ పెన్ లాంటివాటిని ఫోను విడిగా గుర్తుపడుతుంది, అవి వాడేవాళ్ళకు ఈ బాధ తక్కువ.

ఠ లో చుక్కను పొడవకండి, చిన్న గీతగా లాగండి. ధ, భ అడుగున గీతా అంతే.

సాధన: మదనపల్లె, పలమనేరు, పుత్తూరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి, చిత్తూరు. ఒక్కోటి ఇరవైసార్లు, పైన సూచనలు చూపించే పట్టీని ముట్టకుండా. తప్పు పడితే దిద్దొద్దు, కాగితం మీద పడింది పడినట్టే రాసుకోండి. తలకట్టు వల్లనా, ఆగడం వల్లనా, జారడం వల్లనా అని పక్కనే గుర్తు పెట్టండి. ఇరవైలో పద్దెనిమిది సరిగ్గా రాని పదాన్ని మర్నాడు మళ్ళీ మొదటినుంచి రాయండి. ఆ కాగితం దాచుకోండి, అంకెల పాఠంలో అక్షరం పక్కన పెట్టే సున్నకూ అంకె సున్నాకూ తేడా చూసేటప్పుడు కావాలి.