రెండు నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కించే విధానం

విమాన దూరం కొలవదలచినవారు ముందుగా గోడపటాన్ని పక్కన పెట్టి గ్లోబును దగ్గరికి తీసుకోవాలి. గుండ్రని భూమిని చదునుగా పరిచి చూపే పటాలు ఎంతో కొంత వక్రీకరించక తప్పదు కాబట్టి, వాటిపై స్కేలుతో గీసిన గీత చాలాసార్లు అసలైన దగ్గరి దారి కాదు. లండన్, న్యూయార్క్ నగరాలనే తీసుకుందాం. గ్లోబుపై ఈ రెండింటి మధ్య ఒక దారాన్ని బిగువుగా పట్టి చూస్తే, అది అట్లాంటిక్ నడిమధ్య నుంచి కాక, ఉత్తరానికి జరిగి న్యూఫౌండ్‌లాండ్ మీదుగా వెళ్తుంది. దీనినే మహావృత్త మార్గం అంటారు. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబుపై ఒక్కో సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లకు సమానం. దారం సుమారు 13 సెంటీమీటర్లు ఉంటుంది కనుక దూరం 5,500 కిలోమీటర్ల పైచిలుకు అని తేలుతుంది.

మరింత కచ్చితత్వం కావాలంటే రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలను తీసుకుని, భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా హేవర్‌సైన్ సూత్రంతో (గోళంపై రెండు బిందువుల మధ్య దూరాన్ని ఇచ్చే గణిత సూత్రం) లెక్కించవచ్చు. ఎక్కడైనా దూరం నాటికల్ మైళ్లలో కనిపిస్తే, కిలోమీటర్లలోకి మార్చడానికి దానిని 1.852తో హెచ్చించాలి.

సమయం విషయంలో మాత్రం ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త అవసరం, ఎందుకంటే దూరం రెండు వైపులా ఒకటే అయినా సమయం ఒకటి కాదు. పెద్ద జెట్ విమానాలు గంటకు 850 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. దూరాన్ని 850తో భాగించి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంట కలిపితే మన ఉదాహరణకు సుమారు ఏడు గంటలు వస్తుంది. అయితే సుమారు పది కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు ఈ లెక్కను మార్చివేస్తాయి. ఎదురుగాలి సగటున గంటకు 100 కిలోమీటర్లు ఉందనుకుంటే, నేలపై విమానం ముందుకు సాగే వేగం 750కి పడిపోయి, న్యూయార్క్ వెళ్లడానికి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక ఆరున్నర గంటలు సరిపోవచ్చు. శీతకాలంలో ఈ గాలులు బలపడతాయి కాబట్టి తేడా మరింత పెరుగుతుంది. టికెట్‌పై ముద్రించే వ్యవధిలో విమానం గేటు వదిలి రన్‌వే చేరే సమయం, దిగాక మళ్లీ గేటు చేరే సమయం కూడా కలిసి ఉంటాయి. అది గాలిలో గడిపే సమయం కంటే ఎక్కువగా ఉండడం సహజమే.

చాలామంది పొరబడేది స్థానిక సమయాల దగ్గర. లండన్‌లో ఉదయం 11 గంటలకు బయలుదేరి న్యూయార్క్‌కు మధ్యాహ్నం 2 గంటలకు చేరే విమానం మూడు గంటల్లో సముద్రం దాటినట్లు కనిపిస్తుంది. రెండు సమయాలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయంలోకి, మార్చి తీసివేయడమే సరైన పద్ధతి: చలికాలంలో లండన్ 11 అంటే యూటీసీలోనూ 11, న్యూయార్క్ మధ్యాహ్నం 2 అంటే యూటీసీలో రాత్రి 7, వ్యవధి ఎనిమిది గంటలు. ఈ రెండు నగరాల మధ్య తేడా సాధారణంగా ఐదు గంటలే అయినా, వేసవి కోసం గడియారాలను గంట ముందుకు జరిపే తేదీ అమెరికాలో మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం కావడం వల్ల, ఆ మధ్య రోజుల్లో అది నాలుగు గంటలకు తగ్గుతుంది. అందుచేత తేడాను జ్ఞాపకం మీద ఆధారపడి కాక, ప్రయాణ తేదీ ప్రకారం చూసుకోవాలి.