ప్రాక్టికల్స్‌కు ముందు ల్యాబ్ సర్వర్‌లో పర్మిషన్లు సరిచూసుకోండి

సెమిస్టర్ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయంటే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ కాలేజీల్లో ల్యాబ్ చూసుకునేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. బ్యాచ్ మొత్తం రోల్ నంబర్లతో ఒకే లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అవుతుంది. పరీక్ష మధ్యలో ఎవరో లేచి "సార్, నా ఫైల్ సేవ్ అయితలేదు" అంటారు. పక్కనే ఎక్స్‌టర్నల్ కూర్చుని ఉంటారు. ఆ కంగారులో చాలామంది కొట్టేది సీహెచ్‌మోడ్ మైనస్ ఆర్ 777, అంటే లోపలున్న ఫైళ్లన్నిటి మీదా అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసే కమాండ్. దయచేసి కొట్టొద్దు. అప్పటికి గొడవ సద్దుమణుగుతుంది కానీ, ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్ ఎవరు రాశారో, ఎవరు మార్చారో తేల్చలేం. పిల్లల మార్కులు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ముందురోజే ఒక గంట కూర్చుని కింది పనులు చేసుకోండి.

లెక్క అందరికీ తెలిసిందే: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఓనర్‌కు, గ్రూపుకు, మిగతావాళ్లకు ఒక్కో అంకె. తరచూ మరిచిపోయేది ఏమిటంటే, సిస్టమ్ ఈ మూడింటినీ కలిపి చూడదు. మీరు ఓనర్ అయితే ఓనర్ అంకె ఒక్కటే చూస్తుంది. అందులో అనుమతి లేకపోతే, మిగతావాళ్లందరికీ ఉన్నా మీకు ఉండదు.

అసలు చిక్కు డైరెక్టరీల దగ్గర. డైరెక్టరీ అంటే హాజరు పట్టీ లాంటిది, అందులో ఉండేవి పేర్లే. ఫైల్‌ను డిలీట్ చేయడమంటే ఆ పట్టీలోంచి పేరు కొట్టేయడం. కాబట్టి ఫైల్‌కు 400 పెట్టి భద్రంగా ఉందనుకుంటే పొరపాటే. డైరెక్టరీలో రాసే అనుమతి, లోపలికి వెళ్లే అనుమతి ఉన్న ఎవరైనా దాన్ని తీసేయగలరు. దీన్ని ఆపేది స్టికీ బిట్, అంటే ఆ మూడంకెలకు ముందు పెట్టే 1. టెంప్ డైరెక్టరీకి 1777 ఉండేది అందుకే. అందరూ రాయొచ్చు, కానీ రూట్‌ను (అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ అకౌంట్‌ను) పక్కన పెడితే ఫైల్‌ను తీసేయగలిగేది ఆ ఫైల్ ఓనర్, ఆ డైరెక్టరీ ఓనర్ మాత్రమే.

సబ్మిషన్ డైరెక్టరీని నేనైతే ఇలా పెడతాను. ఓనర్ ల్యాబ్ ఇన్‌చార్జి, గ్రూపు ఎగ్జామినర్లది, మోడ్ 3773. ముందున్న 3లో 2 సెట్‌జీఐడీ, 1 స్టికీ. సెట్‌జీఐడీ వల్ల విద్యార్థి అక్కడ సృష్టించే ప్రతి ఫైల్ ఎగ్జామినర్ల గ్రూపు కిందికే వస్తుంది. విద్యార్థుల యూమాస్క్ (కొత్త ఫైల్‌కు ఏ అనుమతులు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగ్) 027 చేస్తే ఫైల్‌కు 640 వస్తుంది. రాసినవాళ్లు మార్చగలరు, ఎగ్జామినర్ చదవగలరు, పక్క సీటువాళ్లకు ఏమీ కనబడదు. చివరి 3లో చదివే అనుమతి లేదు కాబట్టి విద్యార్థులు అక్కడి ఫైళ్ల లిస్టు కూడా చూడలేరు. డైరెక్టరీ అనుమతులు చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ కొడితే అనుమతుల అక్షరాల చివర చిన్న టీ కనిపించాలి. పెద్ద టీ కనిపిస్తే మిగతావాళ్లకు లోపలికి వెళ్లే అనుమతి పోయిందని అర్థం, ఎవరి ఫైలూ సేవ్ అవదు. విద్యార్థులెవరూ పొరపాటున ఎగ్జామినర్ల గ్రూపులో లేరని కూడా చూసుకోండి.

ఇంకో సంగతి. హోమ్‌లో (విద్యార్థి సొంత డైరెక్టరీలో) రాసిన ఫైల్‌ను ఎంవీతో, అంటే మూవ్ కమాండ్‌తో తీసుకొస్తే దాని పాత గ్రూపు అలాగే ఉంటుంది, ఎగ్జామినర్‌కు తెరుచుకోదు. సీపీ (కాపీ) చేస్తే కొత్త ఫైల్ వస్తుంది కాబట్టి, "సీపీ కొట్టండి, ఎంవీ వద్దు" అని బోర్డు మీద రాసేయండి. ముందురోజే రెండు డమ్మీ అకౌంట్లతో లాగిన్ అయి, ఒకదాని ఫైల్‌ను రెండోదాంతో చదవడానికి, తీసేయడానికి ప్రయత్నించి చూడండి. రూట్‌గా ఉండి పరీక్షిస్తే ఏమీ తెలియదు, రూట్‌కు ఈ అడ్డంకులు వర్తించవు.

హోమ్ డైరెక్టరీలు 700 చేయండి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్‌లు 750తో వస్తున్నాయి. అంతకు ముందు వెర్షన్లలో 755, అంటే మామూలుగా సేవ్ చేసిన ఫైళ్లను పక్కవాళ్లు చదువుకోవచ్చు. చాలా ల్యాబుల్లో ఆ పాత అకౌంట్లే నడుస్తున్నాయి.

ఇక సెట్‌యూఐడీ, ముందుండే అంకెలో 4. ఆ బిట్ ఉన్న ప్రోగ్రామ్‌ను ఎవరు నడిపినా అది ఫైల్ ఓనర్ అధికారంతో నడుస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఆలోచన ఇది, 1979లో పేటెంట్ కూడా వచ్చింది. మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ మార్చుకోగలగడం దీని వల్లే. అదే బిట్‌ను పని సులువవుతుందని రూట్ పేరున ఉన్న ఎడిటర్‌కు పెడితే, ప్రతి విద్యార్థీ రూట్ ఫైళ్లు తెరిచి మార్చగలుగుతారు. ఏ ఎడిటర్‌కూ పెట్టొద్దు. 777ను రికర్సివ్‌గా సిస్టమ్ ప్రోగ్రామ్‌లుండే యూఎస్ఆర్ డైరెక్టరీ మీద కొడితే జరిగేది ఇంకో ప్రమాదం: ఫైళ్ల మీది సెట్‌యూఐడీ చెరిగిపోయి, రూట్ అధికారంతో కమాండ్లు నడిపించే సుడో పనిచేయడం మానేస్తుంది. పరీక్ష మధ్యలో అలా జరిగితే, నేరుగా రూట్‌గా లాగిన్ అవడమో రికవరీ మోడ్‌లో రీబూట్ చేయడమో చేయాల్సి వస్తుంది.

అందుకే మొదలుపెట్టే ముందు, అనుమతులను చదివి రాసిపెట్టే గెట్‌ఎఫ్ఏసీఎల్ మైనస్ ఆర్‌తో హోమ్, సబ్మిషన్ డైరెక్టరీల పర్మిషన్లు ఒక ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి. పొరపాటు జరిగితే వాటిని తిరిగి పెట్టడానికి సెట్‌ఎఫ్ఏసీఎల్‌లో రీస్టోర్ ఆప్షన్ ఉంది. ఫైండ్‌లో మైనస్ పర్మ్ మైనస్ 4000 ఇచ్చి సెట్‌యూఐడీ ఫైళ్ల లిస్టు కూడా సేవ్ చేసుకోండి.

టైమ్ అయిపోగానే సబ్మిషన్ డైరెక్టరీ మీద మిగతావాళ్ల అనుమతులన్నీ తీసేయండి, వెంటనే కాపీ తీయండి. ఫైల్ తమదే అయినా ఆ దారిలో దాన్ని మళ్లీ తెరవలేరు. అయితే అప్పటికే తెరిచి ఉన్న ఫైల్‌లో రాత ఆగదు, కాబట్టి కాపీకి ముందే అందరినీ లాగౌట్ చేయించాలి. బ్యాచ్‌లన్నీ అయ్యాక సెట్‌యూఐడీ లిస్టు మళ్లీ తీసి, పాతదాంతో డిఫ్ (రెండు ఫైళ్ల తేడా చూపే కమాండ్) కొట్టి చూడండి. టెంప్‌లోనో హోమ్‌లోనో కొత్త పేరు ఒక్కటి కనిపించినా, అది ఎవరిదో తేలేదాకా ఆ సర్వర్‌ను ఇంకో పరీక్షకు ఇవ్వొద్దు.