రద్దయిన నియోజకవర్గం చరిత్ర రాసుకునే తీరు

మా అల్లూరు నియోజకవర్గం 2008 పునర్విభజనలో పోయింది. ఆ బాధతోనే, మా నాయన ఓట్ల లెక్కలు రాసిపెట్టిన అట్టల పుస్తకం పక్కన పెట్టుకుని, అలాగే రద్దయిన లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర రాశాను.

ముందు పుట్టుక, రద్దు రాసుకోండి: 1885, 1918. ఎన్నికకో పేజీ. గెలిచినవాళ్ల పక్కన ఓడినవాళ్లనీ ఎక్కించండి. మెజారిటీ గడి మాత్రం ఖాళీగా వదలొద్దు. 1892లో దాదాభాయి నౌరోజీ లిబరల్ పార్టీ తరఫున గెలిచింది ఒక చేతి వేళ్లకు మించని ఓట్ల తేడాతోనే! అది రాస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది.

మనిషిని పక్క నియోజకవర్గాల్లోనూ వెతకండి. నౌరోజీ 1886లో హోబర్న్‌లో ఓడారు, 1895లో ఫిన్స్‌బరీలోనే ఓడారు. అప్పటికి ఆడవాళ్లకు పార్లమెంటు ఓటే లేదు. అందుకే ఓటర్ల సంఖ్యను ఇప్పటి లెక్కలతో పోల్చకండి.