రక్తం ఎక్కించేటప్పుడు నర్సు చూసుకోవలసినవి

మన నెల్లూరు, ప్రకాశం వార్డుల్లో ఒకేసారి ఇద్దరు పెంచలమ్మలు, ఇద్దరు మాలకొండయ్యలు ఉండటం మామూలే. పెంచలకోన, మాలకొండ దేవుళ్ల పేర్లు ఇంటింటా పెట్టుకునే ప్రాంతం ఇది. అందుకే రక్తం విషయంలో పేరొక్కటే నమ్మకూడదు. గ్రూపు మారితే కొద్ది మిల్లీలీటర్లకే ప్రాణం పోవచ్చు.

"పెంచలమ్మవేనా?" అని అడిగితే నీరసంలో ఉన్న మనిషి దేనికైనా ఊ కొడుతుంది. "నీ పేరేంది పెద్దమ్మా? ఇంటాయన పేరేంది? ఏ ఊరు?" అని ఆమె చేతే చెప్పించాలి. తర్వాత ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు), గ్రూపు, బ్యాగు నంబరు, గడువు తేదీ కేస్‌షీటుతో, క్రాస్‌మ్యాచ్ ఫారంతో (ఆ రక్తం ఈ మనిషికి సరిపోతుందని బ్లడ్‌బ్యాంకు పరీక్షించి ఇచ్చే కాగితం) ఇద్దరు కలిసి, మంచం పక్కనే, పైకి చదువుతూ సరిచూడాలి. శాంపిల్ ట్యూబు మీద పేరు రాయడమూ మంచం దగ్గరే. డెస్కు దగ్గరకెళ్లి రాసేటప్పుడే ట్యూబులు తారుమారవుతాయి.

ఎండాకాలంలో బంధువులు బ్యాగును చేతిసంచిలో వేసుకుని ఆటోలో తెస్తుంటారు. అలా తేనివ్వొద్దు, ఐస్‌బాక్సు ఇచ్చి పంపండి. ఐసుగడ్డ బ్యాగుకు నేరుగా తగిలినా, వేడినీళ్లలో పెట్టినా ఎర్రకణాలు పగిలిపోతాయి. చల్లదనంలోంచి తీసిన 30 నిమిషాల్లోపు మొదలుపెట్టి, 4 గంటల్లో ముగించాలి. ఫిల్టరున్న బీటీ సెట్టే (రక్తం ఎక్కించే గొట్టం) వాడాలి. ఆ లైనులో నార్మల్ సెలైన్ తప్ప మరేదీ, డెక్స్‌ట్రోజ్ గానీ ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) గానీ, మందు గానీ కలపకూడదు.

మొదలుపెట్టేముందు జ్వరం, నాడి, బీపీ, శ్వాస రాసుకోండి. ఇవి లేకపోతే తర్వాత వచ్చిన మార్పు తెలియదు. మొదటి 15 నిమిషాలు నిమిషానికి 1 నుంచి 2 మి.లీ. మించనీయకుండా మంచం పక్కనే ఉండండి. ప్రమాదకరమైన రియాక్షన్లు ఎక్కువగా అప్పుడే బయటపడతాయి. 15 నిమిషాలకు, ఆపైన ప్రతి అరగంటకు, ముగిశాక మళ్లీ చూడాలి.

హిమోగ్లోబిన్ 4, 5 గ్రాములే ఉన్న మనిషి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఆమెకు తక్కువైంది ఎర్రకణాలే, ఒంట్లో ద్రవం కాదు. గుండె అప్పటికే అలసిపోయి ఉంటుంది. తొందరగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. గంటకు కిలోకు 1 మి.లీ. చాలు. 45 కిలోల మనిషికి గంటకు 45 మి.లీ., అంటే 20 చుక్కలకు 1 మి.లీ. వెళ్లే సెట్టుతో నిమిషానికి 15 చుక్కలు (ఎన్ని చుక్కల సెట్టో కవరు మీద ఉంటుంది). 4 గంటల్లో 180 మి.లీ.యే వెళ్తుంది కాబట్టి బ్యాగును రెండుగా విడదీసి ఇమ్మని బ్లడ్‌బ్యాంకును ముందే అడగాలి. తల ఎత్తుగా పెట్టండి. పొడిదగ్గు, పడుకోలేక లేచి కూర్చోవడం, మెడ నరాలు ఉబ్బడం కనబడితే ఆపి డాక్టరును పిలవండి. ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసే ఫ్రూసెమైడ్ మందు డాక్టరు ఆర్డరు మీదనే ఇవ్వాలి.

చలివణుకు, 1 డిగ్రీ సెల్సియస్ జ్వరం పెరగడం, నడుం నొప్పి, గుండె బరువు, దద్దుర్లు, మూత్రం ఎర్రబడటం, వీటిలో ఏది కనిపించినా ముందు క్లాంపు మూయండి. సూది తీయొద్దు, కొత్త సెట్టుతో సెలైన్ పెట్టండి. పాత సెట్టులో మిగిలిన రక్తాన్ని సెలైన్‌తో లోపలికి తోసేయడం తరచూ జరిగే పొరపాటు. డాక్టరుకు చెప్పి, పేరు, నంబరు మళ్లీ సరిచూసి, బ్యాగును సెట్టుతో సహా, కొత్త రక్తం శాంపిల్, మూత్రం బ్లడ్‌బ్యాంకుకు పంపండి. అంతా బాగా ముగిసినా మరునాటి దాకా మూత్రం రంగు గమనించమని తోడున్నవాళ్లకు చెప్పండి.