చిన్న పార్టీకి ఓటు వేసే ముందు లెక్క చూసుకునే పద్ధతి

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా పెరంబూరు, వ్యాసర్పాడి వైపు, ఒక చర్చ తప్పక వస్తుంది: రెండు పెద్ద ద్రావిడ పార్టీలనూ కాదని, జనం కష్టాలను సూటిగా మాట్లాడే చిన్న పార్టీకి ఓటు వేస్తే అది వృథా అవుతుందా అని. సభకు వచ్చిన జనాన్ని చూసి దీన్ని తేల్చుకోకూడదు. సినీ నటుడు విజయకాంత్ 2005లో మదురైలో స్థాపించిన డీఎండీకే పార్టీ చరిత్రను ముందుంచుకుంటే లెక్క చూసే పద్ధతి అర్థమవుతుంది.

మొదట ఓట్ల శాతాన్ని, పోటీ చేసిన స్థానాల సంఖ్యతో కలిపి చూడండి. 2006లో దాదాపు అన్ని స్థానాల్లోనూ ఒంటరిగా నిలిచి 8 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న ఆ పార్టీ గెలిచింది వృద్ధాచలం ఒక్కటే. 2011లో అన్నాడీఎంకే కూటమిలో 41 స్థానాలకు పోటీ చేసి 29 గెలిచింది, విజయకాంత్ ప్రతిపక్ష నేత అయ్యారు. రాష్ట్రం మొత్తం మీద ఓట్లు మాత్రం 8 శాతానికి కాస్త తక్కువే. అంటే ఆ గెలుపులో పెద్ద వాటా కూటమిదే. 2016లో 104 చోట్ల నిలబడితే ఒక్క స్థానమూ రాలేదు.

తరువాత మీ నియోజకవర్గంలో ఏ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూపే ఫారం 20ని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటు నుంచి తీసుకోండి. అందులో ఒక్కో వరుస ఒక్కో పోలింగ్ కేంద్రం, ఒక్కో నిలువు వరుస ఒక్కో అభ్యర్థి. కిందటిసారి మా మేనమామ, నేను ఆ కాగితాలను భోజనాల బల్ల మీద పరచి, చిన్న పార్టీకి ఎక్కువ ఓట్లు పడిన కేంద్రాలకు పెన్సిలుతో సున్నాలు చుట్టాము. అవన్నీ రైలు పట్టాలకు ఒకవైపే ఉన్నాయి. ఆ పార్టీకి ఊరంతా బలముందన్న మా నమ్మకం అక్కడే సడలింది. రెండు ఎన్నికలను పోల్చేటప్పుడు కేంద్రం నంబరు మారిపోయి ఉండవచ్చు కాబట్టి, బడి పేరును బట్టి సరిచూసుకోండి.

హామీని తూచేటప్పుడు అది రాష్ట్రం చేయగల పనేనా అని మాత్రం అడగండి. రేషన్ సరుకులు ఇంటికే చేరుస్తామని డీఎండీకే 2006లోనే చెప్పింది. వృద్ధులకు, దివ్యాంగులకు ఆ ఏర్పాటును 2025లో డీఎంకే ప్రభుత్వం మొదలుపెట్టింది. ఓడిన పార్టీ మాట కూడా ఇలా నిలవవచ్చు కనుక, ఆ ఓటు పూర్తిగా వృథా అని నేను అనను.

ఇక ఎమ్మెల్యేల నిలకడ. పార్టీ మారినవారి పదవి తీసేసే ఫిరాయింపుల నిరోధక చట్టం ఉన్నా రాజీనామాను అది ఆపలేదు. 2016 ఫిబ్రవరిలో డీఎండీకే ఎమ్మెల్యేలు 8 మంది రాజీనామా చేయడంతో, అంతకుముందే ఒకరు తగ్గి 28గా ఉన్న బలం 20కి తగ్గి, 234 మంది సభలో పదో వంతైన 24కు చాలక, విజయకాంత్ ప్రతిపక్ష నేత హోదా పోయింది. అందుకే అభ్యర్థి మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు, ఇంతకుముందు ఏయే పార్టీల్లో ఉన్నారో, ఎందుకు బయటికి వచ్చారో ఇరుగుపొరుగువారు వింటుండగా అడగండి.